ఎన్‌క్వాస్ వచ్చింది, కానీ ఆ మే నెల పేజీ మర్చిపోలేను

నిన్న సాయంత్రం ఫలితం వచ్చింది. మన్యంలోని మా పీహెచ్‌సీ ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే జాతీయ గుర్తింపు) పాసైంది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఎనిమిది విభాగాలు, కనీసం 70 శాతం మార్కులు రావాలి. చెత్తకు రంగుల బకెట్లు, లేబర్ రూమ్ ట్రేలు రెండు నెలల్లో సర్దేశాం. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసుకునే పత్రాలు) మాత్రం ఎవరి దగ్గరా కాపీ తెచ్చుకోకండి. మాకు అంటగట్టిన కాపీలో మా దగ్గర లేని ఆపరేషన్ థియేటర్ గురించి నాలుగు పేజీలున్నాయి.

మమ్మల్ని కుదిపేసింది టీకాలు దాచే ఫ్రిజ్, ఐఎల్ఆర్. లోపల 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి, రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. ముందస్తు తనిఖీకి వచ్చినాయన స్టాఫ్ అందరి ముందూ ఆ రిజిస్టరు తెరిచారు. మే నెలంతా పొద్దున 4, సాయంత్రం 4. గాలివానకు రెండు రాత్రులు కరెంటు లేని రోజుల్లోనూ 4. ప్రతి వారం కింద నా సంతకం.

"చూడకుండా సంతకం పెట్టే డాక్టరు మందులూ అలాగే రాస్తాడా?" అన్నారు.

పదకొండేళ్లుగా ఏజెన్సీ వదలకుండా పనిచేస్తున్నవాణ్ని. నోట మాట రాలేదు.

ఆయన వెళ్లాక ఏఎన్ఎం ఏడ్చింది. "పాత చోట 9 అని నిజం రాస్తే మెమో ఇచ్చారు సార్. అప్పట్నుంచి నాలుగే రాస్తున్నా." తప్పు ఆమె ఒక్కదానిదే ఎలా అవుతుంది? నిజం రాసినవాళ్లకు మెమోలిచ్చే ఆఫీసులకు అబద్ధాల రిజిస్టర్లే అందుతాయి. ఆ రిజిస్టరు మీద పిల్లల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఆ పేజీ కింద ఎర్ర గీత గీసి, తేదీ వేసి, "ఇక్కణ్నుంచి ఉన్నది ఉన్నట్టు" అని రాసి సంతకం పెట్టాను. మెమో వస్తే నాకే రావాలని అందరికీ చెప్పాను.

అసలు అసెసర్లు వచ్చినప్పుడు రిజిస్టర్లో ఒక 9 ఉంది. "ఇదేంటమ్మా?" అని అడిగారు. ఆమె తడబడలేదు. రాత్రి ఎన్ని గంటలకు చూసిందీ, ఐస్‌ప్యాకులు పెట్టిన కోల్డ్ బాక్సులోకి టీకాలు ఎప్పుడు మార్చిందీ చెప్పింది. ఒక సీసా తీసి, లేబుల్ మీది గుండ్రంలో, వేడి తగిలితే నల్లబడే చదరం ఇంకా తెల్లగానే ఉందని చూపించింది. రెండుకి రెండు మార్కులు వేశారు.

సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఇన్వర్టర్ కోసం పెట్టిన మూడు అర్జీలకు ఇప్పటికీ జవాబు లేదు. ఇవాళ పొద్దున్నే నాలుగోది పంపాను, ఆ 9 ఉన్న పేజీ జిరాక్స్ జత చేసి.