ఎమ్మిగనూరులో ఒక్క పోగు ఎక్కువేస్తే

కర్నూలు నుంచి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు బస్సు గురించి చెప్పేదేముంది, సీటు దొరికితే అదృష్టం, నాకు దొరకలా. దిగేసరికి ఆకలి మండిపోతా ఉంటే ఉగ్గాని బజ్జి తిన్నా. ప్లేట్ రేటు మా ఊరికంటే ఎక్కువే గానీ బజ్జి మాత్రం పేరు పెట్టేది లేదు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సొసైటీ పెట్టిన ఊరు కదా, షాపులో దుప్పట్లు చూసి వచ్చేద్దామనే వెళ్లా. షాపాయన "నేసేది చూడాలంటే మా చిన్నాయన ఇంటికి పో పాపా" అన్నాడు, ఇంక మధ్యాహ్నమంతా అక్కడే.

గుంట మగ్గం (కాళ్లు గుంటలో పెట్టుకుని నేసేది) మీద ఆ చిన్నాయన, అంటే తాత, మెరూన్, తెలుపు టవల్ నేస్తున్నాడు. పడుగు, అంటే నిలువు దారాలు, ఒక పోగు మెరూన్, ఒక పోగు తెలుపు, అంతే. పేకకి, అంటే అడ్డ దారానికి కూడా అవే రెండు రంగులు, దాన్ని అటూ ఇటూ పంపే నాడెలు రెండు. పూలు లేవు, జరీ లేదు, మామూలు సాదా నేత, ఐనా గుడ్డ మీద ఒక గడిలో నిలువు గీతలు, పక్క గడిలో అడ్డ గీతలు!

"యెట్ల తాతా ఇది?" అంటే నవ్వి, కాలితో తొక్కి మెరూన్ పడుగు పోగులు పైకి లేపాడు. అప్పుడు మెరూన్ పేకే వేస్తే ఆ గడిలో వరస అంతా మెరూనే, తర్వాత తెల్లవి లేపి తెల్లది వేస్తే వరస అంతా తెలుపు, సో అడ్డ గీతలు. అదే మెరూన్ లేచినప్పుడు తెల్లది వేస్తే ఏ నిలువు పోగు రంగు దానిదే, గీతలు నిలబడతాయి. మార్చాలంటే ఒకే రంగు వరసగా రెండు సార్లు వేస్తే చాలు. "ఒక్క పోగు ఎక్కువేస్తే తిరగబడతాది, అంతే" అన్నాడు. పడుగులో కూడా ఒకచోట ఒకే రంగు రెండు పోగులు పక్కపక్కన పెట్టాడంట, అందుకే పక్క గడి ఉల్టా. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కి 3,500 పోసి కలర్ వీల్ స్లైడ్లు చూసొచ్చా, ఇది ఒక్కరూ చెప్పలేదు. ఒళ్లు మండింది.

అంచు దగ్గర మాత్రం తాత నిదానించాడు. ఒక నాడె దారాన్ని రెండోదాని మీదుగా చుట్టి గానీ వేయడు, లేదంటే చివరి పడుగు పోగు పేకలో చిక్కకుండా వదులుగా వేలాడుద్దంట.

నాకూ ఒకటి నేసిమ్మని నారింజ, లేత ఆకుపచ్చ చెప్పా. అవ్వ దారం కండెలు చుడుతూనే "ఆ రెండూ కలిపితే గీత యాడ కనపడతాది తల్లీ" అంది. నమ్మక దారాల్ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీశా, రెండూ ఒకటే బూడిద రంగు! కొత్తగా నేర్చుకునేవాళ్లు నూలు కొనేముందు ఈ ఫొటో ఒకటి తీసుకోండి, ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత ఉంటేనే డిజైన్ తేలేది.

సరే నీలం, తెలుపు అన్నా. అడ్వాన్స్ తీసుకుని "ఈ పడుగు ఐపోనీ, తర్వాత నీది" అంది అవ్వ. ఎప్పుడవుతుందంటే తాత వైపు చూపించింది, తాత బీడీ వెలిగించాడు.