రిమినీ ఇసుకలో కొత్త టీమ్‌తో

మా టీమ్‌లో అందరి పేర్లూ అందరికీ నోరు తిరగడానికే శనివారం మధ్యాహ్నం అయింది. మొత్తం పదిమందిమి. మ్యూనిక్ నుంచి నాతో కలిపి ముగ్గురం, పోలండ్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, ప్రాగ్ నుంచి ఒక జంట, బొలోన్యా అబ్బాయిలిద్దరు, బొగోటా నుంచి వచ్చి మిలాన్‌లో ఆర్కిటెక్చర్ చదువుకుంటున్న ఒక అమ్మాయి. ఫోన్‌లో ఒక గ్రూపు, అందులో జెర్సీ సైజుల గురించి కొన్ని మెసేజ్‌లు. టోర్నమెంట్‌కి ముందు మా మధ్య ఉన్న పరిచయం అంతవరకే.

టోర్నమెంట్ పేరు పాగనెల్లో. ఇటలీలో ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రిమినీలో 1991లో మొదలైంది. ఈస్టర్ సెలవుల్లో జరుగుతుంది. బీచ్ అల్టిమేట్, అంటే ఇసుకలో జట్లుగా ఆడే ఫ్రిస్బీ ఆట, ఆడేవాళ్ళకి ఇది పెద్ద జాతర. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వేసవిలో గొడుగులతో, పడక కుర్చీలతో కిక్కిరిసిపోయే ఆ బీచ్ ఏప్రిల్‌లో ఖాళీగా ఉంటుంది కాబట్టి వరసగా కోర్టులు గీస్తారు. మేం మ్యూనిక్ నుంచి కారులో బ్రెన్నర్ కనుమ దాటి, 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వెళ్ళాం. కనుమ దగ్గర కొండల మీద ఇంకా మంచు కనిపిస్తోంది. ఆ సాయంత్రానికి చెప్పులు లేకుండా ఇసుకలో నిలబడ్డాం. ఇసుక చల్లగా, తడిగా ఉంది. ఉక్కునగరంలో పుట్టి పెరిగి, సెలవుల్లో ఆర్‌కే బీచ్‌కి వెళ్ళే నాకు ఇసుకంటే కాళ్ళు కాలడమే గుర్తు. ఇది వేరే సంగతి.

అల్టిమేట్ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 175 గ్రాముల ప్లాస్టిక్ డిస్క్. అది చేతిలో ఉంటే పరిగెత్తకూడదు, పాస్ చెయ్యాలి. ఎదురుగా నిలబడి అడ్డుకునే అవతలి జట్టు మనిషి, అంటే మార్కర్, పైకే లెక్కపెడుతుంటాడు. గడ్డి మైదానంలో పది సెకన్లు, బీచ్‌లో ఎనిమిది. ఆ లోపు విసరకపోయినా, డిస్క్ కింద పడినా అవతలి జట్టుకి వెళ్ళిపోతుంది. అవతలి చివర ఎండ్ జోన్‌లో పట్టుకుంటే పాయింట్. మైదానంలో ఏడుగురు, బీచ్‌లో ఐదుగురు ఆడతారు. 1968లో అమెరికాలోని న్యూజెర్సీలో, మేపుల్‌వుడ్ అనే ఊరి హైస్కూల్ పిల్లలు మొదలుపెట్టిన ఆట ఇది. అసలు విశేషం ఏమిటంటే, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో కూడా దీనికి రిఫరీ ఉండడు. ఫౌల్ అయిందా, లైన్ దాటిందా అన్నది ఆడేవాళ్ళే చెప్పుకోవాలి, ఆడేవాళ్ళే తేల్చుకోవాలి.

ఈ విషయం దగ్గరే మా నాన్నకీ నాకూ ఎప్పుడూ చర్చ. నాన్న స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో ఏళ్ళ తరబడి వాలీబాల్ మ్యాచ్‌లకు విజిల్ ఊదిన మనిషి. శనివారం పొద్దున్న వార్మప్‌కి ముందు ఫోన్ చేశారు.

"విజిల్ లేకుండా ఆటేంటమ్మా? బయట అడుగు పడిందో లేదో ఎవరు చెబుతారు?"

"పడినవాళ్ళే చెబుతారు నాన్నా."

"చెప్పకపోతే?"

"వాళ్ళ టీమ్‌వాళ్ళు చెబుతారు. మొన్న ఒకాయన పాయింట్ చేశాక, 'కాదు, నేను లైన్ మీద ఉన్నాను' అని తనే వెనక్కిచ్చాడు."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "మా రోజుల్లో అలాంటి వాడు ఒక్కడుంటే సాయంత్రానికి గొంతు మిగిలేది" అన్నారు.

నేను ఈ ఆట నేర్చుకున్నది చెన్నైలో, బెసంట్ నగర్ బీచ్‌లో. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెల్లవారకముందే వెళ్ళి ఆడేవాళ్ళం, ఎండ ఎక్కేలోగా ఆఫీసుకి పరుగు. ఇసుకలో ఎలా పరిగెత్తాలో, మడమ దిగబడకముందే కాలు ఎలా తీయాలో అక్కడి కుర్రాళ్ళు నేర్పారు. వాళ్ళలో చాలామందికి ఆ ఇసుక సొంత వాకిలి. రిమినీలో నాకు ధైర్యం ఇచ్చింది ఆ చెన్నై ఉదయాలే.

మొదటి మ్యాచ్ ఓ స్విస్ జట్టుతో. 4-13 తేడాతో ఓడిపోయాం. ఎవరికీ ఆట రాక కాదు. విడివిడిగా చూస్తే మాలో ఏడెనిమిది మందిమి బాగా ఆడేవాళ్ళమే. కానీ కొత్త టీమ్‌లో పెద్ద చిక్కు ఒకటుంది. పక్కవాడి డిస్క్ ఎలా వస్తుందో తెలియదు. ప్రాగ్ అబ్బాయి బ్యాక్‌హ్యాండ్ నేలకి జానెడు ఎత్తులో బయల్దేరి చివర్లో పైకి లేస్తుంది. బొలోన్యా అబ్బాయిల్లో పొడుగాయన తలకి మించి వంపు తిరిగేలా విసురుతాడు. ఆ వంపు తెలియక ముందే పరిగెడితే డిస్క్ నీ వెనకాల పడుతుంది. ఏళ్ళ తరబడి కలిసి ఆడిన జట్టుకి ఇదంతా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. మాకు ఒక్క రాత్రిలో తెలియాలి.

దానికి తోడు గాలి. పొద్దున్న ప్రశాంతంగా ఉన్న బీచ్ మీద మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది. మా కోర్టు ఒడ్డు వెంబడి ఉంది కాబట్టి గాలి పక్క నుంచి కొడుతుంది. పక్కగాలిలో డిస్క్ విసరడం మీద ఒక పుస్తకం రాయొచ్చు, ఇక్కడ ఒక్క ముక్క చెబుతాను. గాలి వచ్చే వైపు అంచు కొంచెం పైకి ఉన్నా చాలు, గాలి అడుగునుంచి దూరి డిస్క్‌ని ఎత్తి పక్కకి తోసేస్తుంది. అందుకని ఆ అంచు కిందికి అణచి పట్టాలి, మోకాలు వంచి కిందనుంచి వదలాలి, మణికట్టుతో బాగా తిప్పాలి. తిరుగుడు ఎంత ఎక్కువుంటే డిస్క్ అంత నిలకడగా వెళుతుంది. ఇదంతా తెలిసినా, డిస్క్ అంచు లోపలి గాడిలో తడి ఇసుక అంటుకుని వేలు జారుతుంటే చెయ్యడం వేరు. ప్రతి పాస్‌కి ముందు జెర్సీకి బొటనవేలు తుడుచుకోవడం నాకు అక్కడే అలవాటైంది.

సాయంత్రం అందరూ పార్టీ టెంట్ వైపు వెళుతుంటే పోలండ్ అక్కాచెల్లెళ్ళలో పెద్దావిడ నన్ను ఆపింది. ఆమె, నేను ఇద్దరం హ్యాండ్లర్లం, అంటే వెనక నుంచి ఆటని నడిపేవాళ్ళం. "కాసేపు విసురుకుందామా?" అంది. చీకటి పడేదాకా విసురుకున్నాం. ఏ గాలికి ఎటు వస్తుంది, ఎంత దూరంలో నిలబడితే చేతికి అందుతుంది, తను ఎడమకి కదిలే ముందు భుజం ఎలా దించుతుంది, ఇవన్నీ చూసుకున్నాం. ఒక ఒప్పందం చేసుకున్నాం. మార్కర్ నోట్లోంచి "నాలుగు" రాగానే నేను ముందు ఎవరున్నారో చూడటం మానేసి ఆమె వైపు తిరుగుతాను, ఆమె ఆ సరికే కదిలి ఉండాలి. ఆ సాయంత్రం మేం చేసింది ఇంతే. నాకు మాత్రం ఆ టోర్నమెంట్ మొత్తంలో విలువైన సమయం అదే.

ఆదివారం తేడా కనిపించింది. పొద్దున్న ఒక మ్యాచ్ గెలిచాం. మధ్యాహ్నం ఫ్రాన్స్ జట్టుతో 8-8 దగ్గర టైమ్ అయిపోయింది. తర్వాతి పాయింట్ ఎవరిదైతే వాళ్ళదే మ్యాచ్. గాలి అప్పటికి గట్టిగా వీస్తోంది. డిస్క్ నా చేతిలో ఉంది. మార్కర్ నాలుగు అన్నాడు. తిరిగాను. పోలండ్ ఆవిడ అప్పటికే లైన్ వెంట ముందుకి పరిగెడుతోంది. ఫ్లిక్‌ని, అంటే ఫోర్‌హ్యాండ్‌ని, మోకాలి ఎత్తులో వదిలాను. అందుకుంది, ఒక్క క్షణం కూడా ఆగకుండా ఎండ్ జోన్ మూలకి విసిరింది. బొగోటా అమ్మాయి చేతులు చాచింది. అదే క్షణంలో ఫ్రాన్స్ అబ్బాయి పక్కనుంచి దూకాడు. డిస్క్ ఇసుకలో పడింది.

"ఫౌల్" అంది ఆ అమ్మాయి. తన చేతికి ముందు దెబ్బ తగిలిందని ఆమె మాట. డిస్క్ తన వేళ్ళకి తగిలాకే చెయ్యి తగిలిందని అతని మాట. అతను తన టీమ్‌మేట్‌ని అడిగాడు. ఆమెకి సరిగా కనపడలేదట, ఆ మాటే నిజాయితీగా చెప్పింది. మా వాళ్ళలో దగ్గరున్నవాడికి కూడా ఖచ్చితంగా తెలియదు. చుట్టూ జనం నిలబడి చూస్తున్నారు, మ్యాచ్ ఆ ఒక్క పాయింట్ మీద ఉంది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు. "నేను ఒప్పుకోలేను, కంటెస్ట్" అన్నాడు అతను. నియమం ప్రకారం డిస్క్ విసిరినవాళ్ళ చేతికి తిరిగి వెళుతుంది. వెళ్ళింది. మళ్ళీ ఆడాం. ఈసారి పాస్‌ని గాలి కాస్త ఎత్తింది, వాళ్ళు లాక్కున్నారు, రెండు పాస్‌లలో పాయింట్ చేశారు. 8-9.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిసి గుండ్రంగా నిలబడతాం. వాళ్ళొకరు, మేమొకరం చొప్పున, భుజాల మీద చేతులేసుకుని. దీన్ని స్పిరిట్ సర్కిల్ అంటారు. ఆటలో ఏది బాగుంది, ఏది బాధ పెట్టింది అని ఎదుటివాళ్ళకే మొహం మీద చెబుతాం. ఆ తర్వాత ప్రతి జట్టూ ఎదుటి జట్టుకి స్పిరిట్ మార్కులు వేస్తుంది. నియమాలు తెలుసా, ఒంటి మీదకి రాకుండా ఆడారా, న్యాయంగా ఉన్నారా, మనసు అదుపులో ఉందా, సరిగ్గా మాట్లాడారా: ఐదు విషయాలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. ఆ సర్కిల్‌లో ఫ్రాన్స్ అబ్బాయి, "నేను ఇప్పటికీ నా చెయ్యే ముందు డిస్క్‌కి తగిలిందనుకుంటున్నాను" అన్నాడు. "నేను ఇప్పటికీ అది ఫౌలే అనుకుంటున్నాను" అంది బొగోటా అమ్మాయి. గంట తర్వాత ఇద్దరూ బడ్డీ దగ్గర పియదీనా తింటూ అదే విషయం మాట్లాడుకుంటున్నారు. పియదీనా అంటే ఆ ప్రాంతపు పల్చటి రొట్టె, మధ్యలో మెత్తటి చీజ్, ఆకుకూర పెట్టి మడిచి ఇస్తారు. వేడిగా తింటే చాలా బాగుంటుంది.

అమెరికాలో 2012లో మొదలైన ప్రొఫెషనల్ లీగ్‌లో రిఫరీలు ఉన్నారు. టీవీకి, ప్రేక్షకులకి అది సుఖం, నాకు తెలుసు. ఆట త్వరగా సాగుతుంది. అయినా నేను రిఫరీ వద్దనే వైపే ఉంటాను. ఆ పాయింట్‌లో విజిల్ ఉంటే ఎవరో ఒకరు తేల్చేసేవారు, ఓడినవాళ్ళం ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం. విజిల్ లేదు కాబట్టి ఆ ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి మాట్లాడాల్సి వచ్చింది. ఒకరికొకరు కొత్తవాళ్ళమైన మా జట్టు కూడా త్వరగా దగ్గరైంది అందుకే అనుకుంటాను. మాటిమాటికీ నోరు విప్పక తప్పదు. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏం చూశారు, గాలి ఎటు ఉంది, అన్నీ పైకి చెప్పుకుంటూనే ఉండాలి.

సోమవారం పొద్దున్న చివరి మ్యాచ్ గెలిచాం. మొత్తం మీద పట్టికలో కింది సగంలోనే ఉన్నాం, అది మా ఆటకి తగ్గ చోటే. స్పిరిట్ మార్కులు మాత్రం బాగా వచ్చాయి. నాన్నకి ఫోన్ చేసి ఆ ఫౌల్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. "నువ్వు చూశావా? అది ఫౌలేనా?" అని అడిగారు.

"దూరంగా ఉన్నాను నాన్నా, నాకు కనపడలేదు" అన్నాను.

"అయితే కంటెస్టే కరెక్టు" అన్నారు.

వచ్చే ఈస్టర్‌కి ఇదే జట్టుతో పేరిద్దామని గ్రూపులో మా కెప్టెన్ అడిగాడు. పోలండ్ ఆవిడ ఒక షరతు పెట్టింది: అందరూ ఒక రోజు ముందే రావాలి, డిస్క్ విసురుకోవడానికి. అందరూ సరే అన్నారు, అందరికంటే ముందు నేను.