నికాన్ డి7200: కంటికీ వేలికీ తెలిసే తేడా

కొన్నేళ్లుగా నేను వాడుతున్న నికాన్ డి7200 గురించి వివరంగా రాయమని ఫొటోలు తీసే మిత్రులు అడుగుతూనే ఉన్నారు. ఇది 2015లో వచ్చిన కెమెరా. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల కాలంలో దీని ఊసెందుకని అనిపించవచ్చు గానీ, మొదటి కెమెరాతో చేయి తిరిగి ఇంకో మెట్టు ఎక్కాలనుకునే ఔత్సాహికులు సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా వెతికేది ఈ తరగతి డీఎస్ఎల్ఆర్‌లనే, అంటే లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని కంటికి చూపే కెమెరాలనే.

దీని సెన్సర్ 24.2 మెగాపిక్సెళ్లది. 2014లో కొత్తవారి కోసం వచ్చిన డి3300లోనూ అన్నే మెగాపిక్సెళ్లు ఉన్నాయి. అందువల్ల ఆ అంకెను పట్టుకుని బేరీజు వేసేవారికి ఈ రెండింటికీ భేదమేమిటో బోధపడదు. ఆ భేదం వ్యూఫైండర్‌కు కన్ను ఆనించినప్పుడు, కన్ను తీయకుండానే వేలితో డయల్ తిప్పినప్పుడు తెలుస్తుంది. డి3300 వ్యూఫైండర్ అద్దాలతో కూర్చినది. అది నిలువునా అడ్డంగా 95 శాతం దృశ్యాన్నే చూపుతుంది, అంటే విస్తీర్ణంలో దాదాపు పదో వంతు మన కంటికి కనిపించకుండానే ఫొటోలోకి వచ్చేస్తుంది. డి7200లో ఉన్నది గాజు పెంటాప్రిజం, అంటే ఒకే గాజు దిమ్మ. దృశ్యం నూటికి నూరు శాతం, మరింత పెద్దదిగా, మరింత వెలుగుతో కనిపిస్తుంది. ఫ్రేము అంచున తొంగిచూసే కొమ్మనో తీగనో తీసేటప్పుడే గమనించి అర అడుగు పక్కకు జరగడం ఈ కెమెరాతోనే నాకు అలవాటైంది. ముందొకటి, వెనుకొకటి ఉన్న రెండు డయళ్లలో ఒకటి అపర్చర్‌కు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం పరిమాణానికి), మరొకటి షట్టర్ వేగానికి కేటాయించుకోవచ్చు కనుక, మాన్యువల్ మోడ్‌లో తీసేవారికి చేతిపని సగానికి తగ్గుతుంది. బాడీలోనే ఫోకస్ మోటారు ఉండడం వల్ల, సొంత మోటారు లేని పాత ఆటోఫోకస్ లెన్సులు కూడా పనిచేస్తాయి. తక్కువ ఖర్చుతో మంచి లెన్సులు కూర్చుకోవాలనుకునేవారికి ఇది చాలా పెద్ద సౌకర్యమని నా అభిప్రాయం.

ఫోకస్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఇందులో 51 ఫోకస్ పాయింట్లున్నాయి, వాటిలో 15 క్రాస్ టైప్‌వి, అంటే నిలువు గీతలనూ అడ్డ గీతలనూ పట్టగలిగేవి. వెన్నెలంత మసక వెలుగులో కూడా మధ్య పాయింటు తడబడకుండా పట్టుకుంటుంది. అయినా, అపర్చర్ బాగా పెద్దదైన ఎఫ్/1.8 లెన్సుతో మా అమ్మాయి ముఖాన్ని మీటరు దూరం నుంచి తీసిన తొలి ఫొటోలు చూసి నేను నిరుత్సాహపడ్డాను. పాయింటును సరిగ్గా కంటిపైనే పెట్టాను. కానీ కనురెప్పలు మెత్తబడిపోయి, కణత దగ్గరి వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. దీనికి కారణం డీఎస్ఎల్ఆర్ నిర్మాణంలోనే ఉంది. ఫోకస్‌ను కొలిచే సెన్సర్ వేరు, ఫొటోను పట్టే సెన్సర్ వేరు. ప్రధాన అద్దం వెనుక ఉన్న చిన్న అద్దం కొంత వెలుగును కిందికి మళ్లిస్తే, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ దూరాన్ని లెక్కగడుతుంది. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉన్నా, లెన్సు తయారీలోని చిన్న తేడా దానికి తోడైనా, స్పష్టత పలుచటి పొరలా ఉండే పెద్ద అపర్చర్ల దగ్గర అది బయటపడుతుంది.

దీన్ని సరిచేసుకునే వీలు, ఏఎఫ్ ఫైన్ ట్యూన్ పేరుతో, డి7200 మెనూలోనే ఉంది, డి3300లో లేదు. కెమెరాను ట్రైపాడ్‌పై బిగించి, బల్లపై ఒక స్కేలును ఏటవాలుగా నిలిపి, 15వ సెంటీమీటరు గీత పక్కనే నిటారుగా పెట్టిన అట్టముక్కపై ఫోకస్ చేశాను. ఫొటోలో ఆ గీతకు బదులు 18కి దగ్గరలోని గీతలు పదునుగా వచ్చాయి. విలువను మైనస్ వైపు కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిసారీ ఫోకస్‌ను చెదరగొట్టి మళ్లీ పట్టిస్తూ తీస్తే, మైనస్ 8 దగ్గర కుదిరింది. గంటసేపు ఓపిక పడితే చాలు. ఆ లెన్సుతో ఆ తర్వాత తీసిన ముఖచిత్రాల్లో కళ్లు కళ్లలా ఉన్నాయి.

రా ఫైళ్లు, అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైళ్లు, తర్వాత సవరించేటప్పుడు సాగదీతకు బాగా ఓర్చుకుంటాయి. కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీసేటప్పుడు బయటి వెలుగుకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ ఇచ్చి, తర్వాత నీడలను మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పైకి లేపినా, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 100 దగ్గర చొక్కా మడతల్లో గీతలు గానీ రంగు మరకలు గానీ తేలవు. ఐఎస్ఓ 3200 వరకు నేను సంకోచం లేకుండా వాడతాను. 6400 దగ్గర నాయిస్‌ను (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలను) తగ్గించే పని తప్పదు. దీనికి ముందున్న డి7100లో 14 బిట్ల రా ఫైళ్లు వరుసగా తీస్తే ఆరింటితోనే బఫర్ (కార్డుకు ఎక్కేలోపు ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండిపోయేది, ఇందులో 18 దాకా వస్తాయి. రెండు కార్డులు పడతాయి. బ్యాటరీ రోజంతా వస్తుంది.

లోపాలు లేకపోలేదు. వెనుక తెర ఒకే చోట బిగించి ఉంటుంది కనుక, నేలబారు పువ్వును తీయాలంటే నేలపై పడుకోవలసిందే. వెనుక తెరపై చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఫోకస్ నెమ్మది, అందువల్ల వీడియో ముఖ్యమనుకునేవారికి దీన్ని నేను సూచించను. 2017లో వచ్చిన డి7500లో వాలే తెర, సెకనుకు 8 ఫ్రేముల వేగం, 4కె వీడియో ఉన్నాయి. కానీ రెండో కార్డు స్లాటును తీసేశారు. వేడుకలు తీసే నాకు ఆ రెండో కార్డే ధీమా, అందుకే నేను మారలేదు.

దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఆ కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఒక జేపెగ్ ఫైలును ముందే అడిగి తీసుకోవాలి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ ఫైలులోనే నమోదై ఉంటుంది. ఈ షట్టర్‌ను 1,50,000 సార్లు నొక్కి పరీక్షించినట్లు నికాన్ ప్రకటించింది కనుక దానితో పోల్చి చూసుకోవచ్చు. కెమెరాను చూడడానికి వెళ్లేటప్పుడు మీ దగ్గరున్న వాటిలో పెద్ద అపర్చర్ లెన్సుతో పాటు ఒక స్కేలును కూడా సంచిలో వేసుకోండి.