బగ్ దొరకనప్పుడు నేను ఏం చేస్తానంటే

ప్రోగ్రామ్‌లోని తప్పు, అంటే బగ్, గంట దాటినా దొరకలేదంటే నా చేతులకు తొందర పుడుతుంది. కోడ్‌లో ఒక లైను, ఒక సెట్టింగు, ఒక లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) వెర్షను, మూడూ ఒకేసారి మార్చేసి ప్రోగ్రామ్ నడపాలనిపిస్తుంది. అప్పుడది నడిచినా చిక్కే. మూడింట్లో ఏది పనిచేసిందో తెలియదు. నడవకపోతే మరీ చిక్కు: ఒక మార్పు సరైనదే అయినా, రెండోది కొత్త తప్పును తెచ్చిపెట్టి ఉండొచ్చు. అందుకే ఆ తొందర కనబడగానే కీబోర్డు వదిలేస్తాను.

ముందు, అప్పటిదాకా చేసిన మార్పులన్నీ గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) స్టాష్‌తో పక్కన పెట్టి, చివరి కమిట్‌కు, అంటే చివరిసారి అందులో భద్రపరిచిన కోడ్‌కు వెళ్తాను. తర్వాత కాగితం మీద రెండు వరుసలు: నేననుకున్నది ఏమిటి, జరిగింది ఏమిటి. వాటి కింద, నా కళ్లతో చూసినవి ఒకవైపు, చూడకుండానే నమ్మినవి ఇంకోవైపు. చాలాసార్లు బగ్ ఆ రెండో వైపే ఉంటుంది.

ఎర్రర్‌ను మొదటి అక్షరం నుంచి చదువుతాను. పొడవాటి లాగ్‌లో (ప్రోగ్రామ్ నడుస్తూ రాసుకునే చిట్టాలో) మొదట వచ్చిన ఎర్రరే ముఖ్యం, కిందివి చాలావరకు దాని పర్యవసానాలు. పైథాన్ భాషలో తప్పు ఏ దారిన వచ్చిందో చూపే ట్రేస్‌బ్యాక్‌లో మాత్రం అసలు మాట చివరి లైనులో ఉంటుంది. జావాలో ‘కాజ్డ్ బై’ అని మొదలయ్యే లైన్లలో అన్నిటికన్నా కిందిది చూడాలి.

ఆ తర్వాత సగం సగం చేసుకుంటూ వెతకడం. 10,000 వరుసల ఫైలులో ఒక్క వరుస ప్రోగ్రామ్‌ను పడగొడుతుంటే, సగానికి కోస్తూ పోతే 14 సార్లలో అది బయటపడుతుంది. నిన్నటిదాకా నడిచింది ఈరోజు ఆగిపోయిందా, పాత కమిట్లలో ఇలాగే సగం సగం వెతికి, తప్పు తెచ్చిన కమిట్‌ను పట్టే గిట్ బైసెక్ట్ ఉంది. వెయ్యి కమిట్లున్నా పది పరీక్షలు చాలు.

బగ్ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే మాత్రం బైసెక్ట్ మోసం చేస్తుంది. నాలుగుసార్లకు ఒకసారి వచ్చే బగ్ ఉందనుకోండి. పదిసార్లు నడిపినా అది ఒక్కసారీ కనబడకపోయే అవకాశం 100లో 5 కంటే ఎక్కువే. 20 సార్లు నడిపితే వెయ్యిలో 3కు తగ్గుతుంది. కాబట్టి ప్రతి కమిట్ దగ్గరా 20 సార్లు నడిపే చిన్న స్క్రిప్టు రాసుకుంటాను. ఇక్కడ ఓపిక పట్టకపోతే బైసెక్ట్ ఏ పాపం ఎరగని కమిట్‌ను చూపిస్తుంది, రోజంతా దాని వెంటే తిరగాల్సి వస్తుంది.

బగ్ దొరికాక పని సగమే అయినట్టు. దాని గురించి ఒక నోట్ రాసుకుంటాను. అందులో ఎవరు చేశారన్నది రాయను, ఏ నమ్మకం తప్పిందో రాస్తాను. 1996 జూన్ 4న అరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే, ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. అరియాన్ 4 కోసం రాసిన కోడ్‌ను అందులో వాడారు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చే చోట అది పట్టలేదు. పాత రాకెట్‌లో ఆ విలువ అంత పెద్దది అయ్యేదే కాదు. ఒకప్పుడు నిజమైన నమ్మకమే చోటు మారగానే తప్పయింది. నా నోట్‌లో కూడా ‘ఇది ఎక్కడ నిజం, ఎక్కడ కాదు’ అన్న లైను తప్పకుండా ఉంటుంది.

చివరగా ఆ బగ్‌కు ఒక టెస్టు. దాన్ని సరిచేసిన కోడ్ మీద కాకుండా, ముందు పాత కోడ్ మీద నడుపుతాను. అక్కడ ఫెయిలవ్వాలి. పాసయిందంటే, ఆ టెస్టు ఈ బగ్‌ను పట్టేది కాదు, మళ్లీ రాయాల్సిందే.