సగటు స్టార్లను నమ్మితే వచ్చే చిక్కు

ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారుకి మూడు రివ్యూలు, మూడూ మంచివే. ఇంకొకరికి వంద, అందులో ఐదు చెడ్డవి. సగటు తీస్తే మొదటివారిది 100 శాతం, రెండోవారిది 95. కొనేవాళ్లు మాత్రం రెండోవారి వైపే మొగ్గుతారు, అదీ సబబే.

2002లో జోసాంగ్, ఇస్మాయిల్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన బీటా పద్ధతి ఈ తేడాను పట్టుకుంటుంది. మంచి అనుభవాల సంఖ్యకు 1 కలిపి, మొత్తం అనుభవాలకు 2 కలిపి భాగించాలి. మొదటివారికి 4/5, అంటే 0.80. రెండోవారికి 96/102, సుమారు 0.94. రివ్యూలే లేనివారు 0.5 దగ్గర మొదలవుతారు. చిక్కంతా ఇక్కడే. స్కోరు అంతకంటే పడిపోయినవాడు ఖాతా మూసేసి కొత్త పేరుతో వస్తాడు. కొత్తవాళ్లందరినీ కింద నుంచి మొదలుపెట్టిస్తే నిజాయతీపరులు నష్టపోతారు. దానికంటే కొత్తవాళ్ల దగ్గర తిరిగిచ్చే డిపాజిట్ తీసుకోవడమే నయం అంటాను.

పాత రివ్యూల బరువు కూడా తగ్గుతూ రావాలి. కొత్త లావాదేవీ వచ్చినప్పుడల్లా పాత మంచి, చెడు లెక్కలు రెంటినీ 0.98తో గుణిస్తే, సుమారు 50 లావాదేవీలంత చరిత్ర మిగులుతుంది. అంతా మంచే ఉన్న ఖాతాకు ఒక చెడ్డ రివ్యూ పడితే స్కోరు 0.98 నుంచి 0.96కి దిగుతుంది. అదే 0.9తో గుణిస్తే 0.92 నుంచి ఏకంగా 0.83కి. ఒక్క కోపిష్టి కస్టమర్ చాలు!

లావాదేవీ విలువను వదిలేస్తే మోసగాడికి పండగే. 99 రూపాయల ఫోన్ కవర్లు రెండొందలు బుద్ధిగా అమ్మి, ఆ పేరు చూపించి 20,000 రూపాయల ఫోను దగ్గర ముంచుతాడు. విలువను బట్టి బరువు ఇవ్వాలి. అయితే నేరుగా రూపాయలే వేస్తే ఒక్క పెద్ద అమ్మకం మిగతావాటిని మింగేస్తుంది కాబట్టి, విలువ ఎంత పెరిగినా బరువు మెల్లగానే పెరిగేలా లాగరిథమ్ వాడాలి.

ఎవరి మాట ఎవరికి ఎప్పుడు కనబడాలన్నది నైతిక ప్రశ్న. ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో చెడ్డ రివ్యూ రాస్తే అమ్మకందారు తిరిగి చెడ్డగా రాస్తాడని కొనేవాళ్లు జంకేవారు. 2008లో అమ్మకందారుల నుంచి ఆ హక్కే తీసేశారు. ఇళ్లు, గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో వేరే దారి పట్టింది: ఇల్లిచ్చినవారు, దిగినవారు ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజుల గడువు తీరేదాకా రెండు రివ్యూలూ దాచి ఉంచుతుంది. ఇదే మేలు, ఎవరి నోరూ నొక్కదు.

స్కోరు ఎందుకు పడిందో అమ్మకందారుకి చెప్పి తీరాలి. కానీ చిన్న దుకాణంలో తేదీ, వస్తువు చెబితే చాలు, రాసిందెవరో దొరికిపోతారు. ఐదారు ఫిర్యాదులు పోగయ్యాక, తేదీలు తీసేసి, కారణాల వారీగా ఒకేసారి చూపించాలి.