పుట్టింటి వీరుడు, అత్తింటి దేవత

నా పుట్టిల్లు బొబ్బిలి, మెట్టినిల్లు విజయనగరం. ఈ రెండు ఊళ్ల పాత సంగతులు తెలిసినవారు ఈ మాట వినగానే చిన్నగా నవ్వుతారు. మా పెళ్లిచూపుల నాడు ఇరువైపుల పెద్దలూ అలాగే నవ్వుకున్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ పాత పగ మా ఇంట్లో పెద్దగా తలెత్తింది లేదు. ఈ మంగళవారం పొద్దున్న మాత్రం తలెత్తింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని బడిలో బొబ్బిలి యుద్ధం గురించి ఒక్క పేజీకి మించకుండా రాసుకురమ్మన్నారట. కుళాయి నీళ్లు వచ్చే వేళకు వాడీ సంగతి బయటపెట్టడంతో, 1757 జనవరి 24న ముగిసిందని పుస్తకాలు చెప్పే యుద్ధం మా వంటింట్లో మళ్లీ మొదలైంది.

ముందుగా నేనే చెప్పాను. నేను చెప్పింది మా అమ్మమ్మ దగ్గర విన్న కథే: విజయనగరం రాజు పెద విజయరామరాజు వెంటబెట్టుకొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని ఫిరంగులు, ఎదురుగా కోటలో బొబ్బిలి రాజు రంగారాయుడు, రాణి మల్లమ్మదేవి, ఎక్కడో రాజాంలో ఉండిపోయి కబురు ఆలస్యంగా అందుకున్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు. కోట నిలవదని తేలిపోయాక, శత్రువుల చేతికి చిక్కకూడదని స్త్రీలనూ పిల్లలనూ సొంతవారే చంపుకున్న ఘట్టం దగ్గర అమ్మమ్మ గొంతు తగ్గించేది. పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయనను చంపే ఘట్టం రాగానే ఆ తగ్గించిన గొంతును వడ్డీతో సహా రాబట్టుకొనేది. అక్కడితో కథ అయిపోయేది. ఎన్నిసార్లు విన్నా "ఆ తరవాత ఏమైంది?" అని మా పిల్లల్లో ఒక్కరమూ అడిగినట్టు నాకు గుర్తు లేదు, ఎందుకంటే ఆ తరవాత మాకు కావలసినదేదీ జరగలేదు.

మా అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా ఓపికగా విన్నారు. "మీ బొబ్బిలోళ్లకి కథ డేరాకాడ అయిపోతాదమ్మా. మాకు అక్కడే మొదలవుతాది" అన్నారు. ఆవిడ కథలో ఫిరంగులు లేవు, బుస్సీ పేరు కూడా రాదు. రాజుగారికి పైడితల్లి అనే చెల్లెలుంది, యుద్ధానికి వెళ్లవద్దని అన్నను బతిమాలింది, ఆయన వినలేదు. కీడు జరగబోతోందని మనసుకు తోచి కబురు పట్టుకొని బయలుదేరిన ఆ పిల్ల, అన్న చనిపోయాడన్న వార్త విని దారిలోనే స్పృహ తప్పింది. తన ప్రతిమ పెద్దచెరువు పడమటి గట్టున దొరుకుతుందని చెప్పి అమ్మవారిలో కలిసిపోయింది. ఇప్పుడు మూడు లాంతర్ల దగ్గరున్న చదురుగుడిలోనూ, రైల్వేస్టేషను దగ్గరున్న వనంగుడిలోనూ పూజలందుకొంటున్నది ఆవిడే.

ఈ వాదం సాగుతున్నంతసేపూ మా వారు ఎటువైపూ చేరకుండా పేపరు చాటున కూర్చున్నారు. బుస్సీ కూడా ఆనాడు అలాగే కూర్చుని ఉంటే మా అబ్బాయికి ఈ ఇంటిపని తప్పేది.

పిల్లవాడు బడికి వెళ్లిపోయాక, పప్పు ఉడికేలోగా, ఆనాటి ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిన వృత్తాంతం గుర్తు చేసుకున్నాను. ఆ యుద్ధకాలంలో ఆయన మద్రాసులోనే ఉండేవాడు. రెండు సంస్థానాల మధ్య కోపాలకు ఉన్న కారణాల్లో వాగుల నీళ్ల మళ్లింపును కూడా ఆయన పేర్కొన్నాడు. అమ్మమ్మ కథలో ఈ నీళ్ల తగవు ఎక్కడా రాదు. వీరగాథలో వాగుకు చోటివ్వడం కష్టమే కాబోలు, కానీ కుళాయి దగ్గర బిందెల వరస చూసినవాళ్లెవరికైనా అది నమ్మశక్యం కాని కారణంగా తోచదు. ఆర్మ్ కథనంలో డేరా దాకా వెళ్లినది పులిలాంటి ఒక్క వీరుడు కాదు. కోటలో దాక్కున్న నలుగురు సైనికులు చీకట్లో గోడ దిగి, శత్రువుల విడిది మధ్యనుంచే నడిచి పొదల్లోకి చేరుకున్నారు. మూడో రాత్రి వారిలో ఇద్దరు వెళ్లి రాజును పొడిచి చంపారు. వారిని దారిలో ఎవరూ అనుమానించకపోవడానికి ఆయన చెప్పిన కారణం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను: ఇరుపక్షాలవారూ మాట్లాడేది ఒకే భాష. మా అత్తగారి యాసనూ మా అమ్మ యాసనూ వేరుచేసి చెప్పమంటే ఈ రోజుకీ మా ఇంటికి వచ్చిన చుట్టాలు తడబడతారు.

మా ఇద్దరి కథలూ అబద్ధాలని నేననుకోను. ఎవరికి వారు తమ ఊరు ఓడిపోని చోట కథను ఆపుకొన్నారు, అంతే. కోటను పోగొట్టుకొన్న బొబ్బిలి ఒక వీరుణ్ణి మిగుల్చుకొంది, గెలిచిన మూడో రాత్రే రాజును పోగొట్టుకొన్న విజయనగరం ఒక దేవతను తెచ్చుకొంది. కథ ఇంకొంచెం ముందుకు సాగితే ఇద్దరికీ ఇబ్బందే. విజయరామరాజు తరవాత వచ్చిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరు 7న చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. పేష్కషు, అంటే కప్పం, బకాయిల తగవు ముదిరి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషువారి సైన్యం చేతిలో అదే వంశపు మరో విజయరామరాజు ప్రాణాలు కోల్పోయాడు. చందుర్తి గురించి మా అమ్మమ్మ దగ్గరా కథ లేదు, అత్తగారి దగ్గరా లేదు. ఆ గెలుపులో మన వాటా ఎంతో ఎవరికీ అంతుపట్టలేదేమో.

సాయంత్రం అత్తగారిని చదురుగుడికి తీసుకువెళ్లాను. మంగళవారం కావడంతో రద్దీగానే ఉంది. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం సిరిమాను, అంటే పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, ఈ గుడి దగ్గరనుంచి కోట దాకా ముమ్మారు తిరుగుతుంది. మానుకు ఏ చెట్టు కావాలో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని అంటారు. మా అమ్మ ప్రతి ఏడాదీ ఆ ఉత్సవానికి బొబ్బిలినుంచి పనిగట్టుకొని వచ్చి, పాపారాయుడు చంపిన రాజుగారి చెల్లెలికి పసుపు కుంకుమలు సమర్పించుకొని వెళుతుంది. ఆ సంగతి ఒకసారి గుర్తు చేస్తే, "అమ్మవారికీ ఆ గొడవకీ సంబంధం ఏటే?" అని నన్నే కసిరింది.

రాత్రికి మా అబ్బాయి పేజీ పూర్తి చేశాడు. తేదీ, బుస్సీ, ఫిరంగులు, పాపారాయుడు అన్నీ ఉన్నాయి. డేరా దగ్గరికి వచ్చేసరికి కాగితం నిండిపోయింది. అమ్మవారి కథ ఏదిరా అని అత్తగారు అడిగితే, చోటు లేదని, కావాలంటే పక్కన మార్జినులో రాస్తానని అన్నాడు.

"పట్నాన్ని కాచే తల్లికి మార్జినులో చోటిస్తావేట్రా?" అని ఆవిడ ఇంకో కాగితం తెచ్చి వాడి ముందు పెట్టారు. ఒక్క పేజీయే రాయాలన్నారని వాడు మొత్తుకొంటున్నాడు.