ఒక్క హెచ్ కోసం ఏడాది పోయింది (నా సీజీఎల్ అనుభవం)

సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) ఫైనల్ లిస్టులో నా రోల్ నంబర్ ఉంది ఫ్రెండ్స్. ఆడిటర్ పోస్టు. మూడ్రోజులైనా ఇంకా రోజుకి నాలుగుసార్లు ఆ పీడీఎఫ్ తెరిచి చూసుకుంటున్నా. అందరూ బుక్‌లిస్ట్ అడుగుతున్నారు, మీరు చదివేవే నేనూ చదివా, కొత్తవేం లేవు. నేను మెన్సురేషన్ (వైశాల్యాలు, ఘనపరిమాణాల లెక్కలు) గురించే చెప్తా, పోయినసారి నన్ను ముంచింది అదే కాబట్టి.

మాది హిందూపురం దగ్గర పల్లె, టెన్త్ దాకా తెలుగు మీడియం. బెంగళూరులో మారతహళ్లి పీజీ హాస్టల్లో ఉంటూ, నైట్ షిఫ్ట్ చేసుకుంటూ ప్రిపేరయ్యా. ఫస్ట్ అటెంప్ట్‌లో టైర్ 1 (మొదటి దశ) క్వాంట్‌లో, అంటే లెక్కల్లో, 25కి 21 కరెక్టు, దాంతో కొంచెం పొగరు కూడా ఎక్కింది, దాచడమెందుకు. టైర్ 2లో ఒక శంకువు లెక్క: వ్యాసార్థం 7, స్లాంట్ హైట్ 25, ఘనపరిమాణం ఎంత. హైట్ అనే మాట కనపడగానే చెయ్యి ఆగలేదు, 1/3 పై ఆర్ స్క్వేర్ హెచ్‌లో హెచ్ (నిటారు ఎత్తు) బదులు 25 పడేశా, 1283.33 వచ్చింది, ఆప్షన్లలో అదీ ఉంది మరి, పేపర్ సెట్ చేసినోడు నాలాంటోళ్ల కోసమే పెట్టుంటాడు. 25 వర్గం 625లోంచి 7 వర్గం 49 తీసేస్తే 576, అంటే ఎత్తు 24, ఆన్సర్ 1232. నోటితో చేసే లెక్క! రావాల్సిన 3 పోయాయి, నెగటివ్‌లో 1 పోయింది, మొత్తం 4. కటాఫ్‌కి నేను ఆగింది మూడున్నర దూరంలో.

తప్పంతా నాదేనంటే ఒప్పుకోను. ఇంగ్లీషులో స్లాంట్ హైట్, తెలుగులో ఏటవాలు ఎత్తు, రెండిట్లోనూ ఎత్తు ఉంది, తీరా చూస్తే అది ఎత్తే కాదు. ఆర్యభట అంతటోడే పిరమిడ్ ఘనపరిమాణానికి మూడో వంతు బదులు సగం అని రాశాడు, 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతని సరిగ్గా రాశాడు. వాళ్లిద్దరి మధ్య పోయిన కాలంతో పోలిస్తే నాకు పట్టింది ఏడాదే.

రిజల్ట్ వచ్చాక నేను రూము దాటకపోతే రూమ్మేట్ బసవనగుడి కడలెకాయి పరిషకి (శెనక్కాయల జాతర) లాక్కెళ్లాడు. కార్తీకం ఆఖరి సోమవారం, బుల్ టెంపుల్ రోడ్డు పొడుగూతా శెనక్కాయల గుట్టలే. మా సీమోళ్లు డబ్బులిచ్చి శెనక్కాయలు కొనడమే నామోషీ, అయినా కొన్నాం. ఒక అవ్వ కాగితం ముక్క గిర్రున చుట్టి, వేయించినవి పోసిచ్చింది. తినేసి పొట్లం విప్పా. చదునుగా మామూలు కాగితం. మళ్లీ చుట్టా, మళ్లీ విప్పా. మొన నుంచి నోటి దాకా పక్కనున్న గీత కాగితం అంచే, అదే ఎల్, అంటే ఏటవాలు ఎత్తు. మరి హెచ్ ఏదీ? కాగితం మీద ఎక్కడా లేదు. అది లోపల, ఖాళీలో, శెనక్కాయల మధ్య నిటారుగా ఉంటుంది. కాగితం ఎంత పట్టింది అంటే ఎల్, సరుకు ఎంత పట్టింది అంటే హెచ్. అంతే. రూమ్మేట్ నాకు మతిపోయిందనుకున్నాడు.

పీజీకొచ్చి 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో 216 డిగ్రీల సెక్టార్ (వృత్తంలో ముక్క) కత్తిరించి చుట్టా. 216 అంటే 360లో 60 శాతం, అందుకే అడుగు వ్యాసార్థం 6, ఎత్తు 8, పక్కతల వైశాల్యం 60 పై, ఘనపరిమాణం 96 పై. స్కేలు పెట్టి కొలిచా కూడా, 8కి కొంచెం తక్కువొచ్చింది, నా కత్తిరింపు అంత గొప్పది కాదులెండి.

ఇక మిగతావి గబగబా చెప్తా. ఫ్రస్టమ్ అంటే పెద్ద శంకువులోంచి పైన చిన్నది తీసేయడమే, ఫార్ములా మర్చిపోయినా సరూప త్రిభుజాలతో వచ్చేస్తుంది. ఒకే వ్యాసార్థం, ఎత్తు కూడా వ్యాసార్థమంతే ఉంటే శంకువు, అర్ధగోళం, స్థూపం ఘనపరిమాణాలు 1:2:3. కరిగించి పోశారంటే ఘనపరిమాణం సమానం. మెన్సురేషన్ వదిలేసినా పర్లేదని కొందరంటారు, వాళ్ల మాట వినకండి, నేను విన్నా. రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పొద్దున ఏడింటికి బొమ్మ గీసి పది లెక్కలు చేసేవాణ్ని, ఆ టైముకి మీలో చాలామంది దుప్పటి కింద మోటివేషన్ వీడియో చూస్తుంటారు, కోపం తెచ్చుకోకండి, నేనూ చూసినోడినే.

ఇంతా చేస్తే ఈసారి టైర్ 2లో శంకువు మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మెన్సురేషన్‌లో రెండొచ్చాయి, రెండూ స్థూపం మీదే.